రామాయణం తీస్తే ఎవడికైనా హిట్టేనా?

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్. కృష్ణానగర్లో రూము, బ్యాగులో రెండు కథలు, ఫోన్లో నలుగురు హీరోల మేనేజర్ల నంబర్లు, మామూలుగా ఉండే సరంజామా అంతా ఉంది. దసరాకి బెజవాడ వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు, ఎవరో డైలీ సీరియల్ డైరెక్ట్ చేస్తావా అని అడిగారంట, వీడు ఆలోచించుకుని చెప్తానన్నాడంట. చెప్పేటప్పుడు వాడి మొహం చూస్తే ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉంది. "ఒక్కసారి అటెళ్తే ఇంక సీరియల్ డైరెక్టర్ అనే ముద్ర పడిపోద్ది మామయ్యా" అన్నాడు.

నేను ఊరుకోలేక, దూరదర్శన్‌లో 'రామాయణం' సీరియల్ తీసిన రామానంద సాగర్ పేరెత్తాను. వాడు వెంటనే, "ఆయనదేముంది మామయ్యా, రామాయణం తీస్తే ఎవడికైనా హిట్టే, పైగా అప్పుడు ఉన్నది ఒక్కటే ఛానెల్, జనం ఏది వేస్తే అది చూసేవాళ్ళు" అన్నాడు. ఈ మాట వాడొక్కడిదే అయితే నవ్వి ఊరుకునేవాడిని. కానీ సినిమా తెలిసినవాళ్ళు, బాగా చదువుకున్నవాళ్ళు, రాముడంటే చేతులెత్తి మొక్కేవాళ్ళు, రాముడి పేరెత్తితే మండిపడేవాళ్ళు, అందరూ ఇదే మాట అంటారు. భక్తులేమో అదంతా రాముడి మహిమ అంటారు, మిగతావాళ్ళు దూరదర్శన్ మహిమ అంటారు. మధ్యలో ఆ సీరియల్ తీసిన మనిషి పనితనం గురించి మాట్లాడేవాడే ఉండడు. నాకు ఇక్కడే అభ్యంతరం. రామాయణం ఆయన చేతిలోకి వచ్చి పడిన లాటరీ కాదు, దానికి ముందు ముప్పై ఐదేళ్ళు కమర్షియల్ సినిమాల్లో నలిగిన నిర్మాత, దర్శకుడు, రచయిత చేసిన పని అది అని నేననుకుంటాను. జనం నవ్వుకునే ఆ సాగదీత కూడా ఆ పనితనంలో భాగమే.

సీరియల్‌కి ముందు మనిషి

ఆయన 1917లో లాహోరు దగ్గర పుట్టాడు, అసలు పేరు చంద్రమౌళి చోప్రా. అమ్మమ్మ దత్తత తీసుకుని రామానంద్ అని పేరు మార్చింది. ప్యూన్ పని, లారీ క్లీనర్ పని, సబ్బులమ్మడం లాంటివన్నీ చేస్తూ చదువుకుని సంస్కృతం, పర్షియన్ రెండింట్లోనూ మెడల్స్ తెచ్చుకున్నాడు. క్షయ వచ్చి శానిటోరియంలో ఉన్నప్పుడు రోగి డైరీ అంటూ పత్రికకి రాశాడు. దేశ విభజనలో అన్నీ వదిలేసి ఇటు వచ్చాడు, ఆ మారణకాండ మీద 'ఔర్ ఇన్సాన్ మర్ గయా' అని ఉర్దూలో నవల రాశాడు. పృథ్వీ థియేటర్స్‌లో పని చేశాడు. రాజ్ కపూర్ 'బర్సాత్' (1949) కథ ఆయనదే. 1950లోనే సొంత సంస్థ పెట్టుకున్నాడు.

మనవాళ్ళకి పెద్దగా తెలియని సంగతి ఒకటుంది. ఈయన మద్రాసు మనిషి కూడా, అంటే మద్రాసు జెమినీ స్టూడియో కాంపౌండులో పని నేర్చుకున్న మనిషి. జెమినీ అధిపతి ఎస్.ఎస్. వాసన్ తీసిన 'పైగామ్' (1959) డైలాగులకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది, తర్వాత జెమినీకే 'ఘూంఘట్' (1960), 'జిందగీ' (1964) డైరెక్ట్ చేశాడు. ఏ సీనుకి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, ఏ సీనుకి నేల టికెట్టు ఈల వేస్తుంది అనే లెక్క వాసన్ దగ్గర నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటారు. ఆ తర్వాత సొంతంగా 'ఆర్జూ' (1965), 'ఆంఖే' (1968). 'ఆంఖే' అయితే ధర్మేంద్రతో తీసిన గూఢచారి సినిమా, విదేశాల్లో షూటింగులు, ఆ ఏడాది హిందీలో అన్నిటికంటే పెద్ద హిట్టు, బెస్ట్ డైరెక్టర్‌గా ఫిల్మ్‌ఫేర్ కూడా దానికే. దేవుడి బొమ్మలు తీసుకునే ముసలాయన అని మనమనుకునే మనిషి దేశంలో అతి పెద్ద యాక్షన్ సినిమా తీశాడంటే మా మేనల్లుడు నమ్మలేదు, ఫోన్ తీసి చూసుకున్నాడు.

మా నాన్న గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేసేవాడు. అంటే ప్రింటు పెట్టెతో పాటు బస్సెక్కి ఏ గుడివాడో నూజివీడో వెళ్ళి, హాల్లో టికెట్లు లెక్కేసుకుని, డీసీఆర్, అంటే ఆ రోజు కలెక్షన్ల రిపోర్టు మీద సంతకం పెట్టించుకుని, రాత్రి సెకండ్ షో అయ్యాక లాడ్జిలో పడుకునే ఉద్యోగం. సినిమాని తెర మీద చూడరు రిప్రజెంటేటివులు, జనం మొహాల్లో చూస్తారు. నాన్నకి డైరెక్టర్ల మీద గౌరవం తక్కువ, ఎవడు గొప్పోడంటే "ఇంటర్వెల్‌కి జనం బయటికొచ్చి ఏం మాట్లాడుకున్నారో అది చెప్పు" అనేవాడు. రామానంద సాగర్ గురించి ఆయన అన్న మాట నేను మర్చిపోలేదు. ఆదివారం పొద్దున రామాయణం ఎపిసోడ్ అయిపోయి అందరూ లేస్తుంటే, "వీడు భక్తుడో కాదో నాకు తెలీదు గానీ పక్కా సినిమావాడ్రా, ఎక్కడ కోస్తే వచ్చే వారం జనం వస్తారో వాడికి తెలుసు" అన్నాడు.

అయితే డెబ్బైల చివరికి, ఎనభైల్లోకి వచ్చేసరికి ఆయన సినిమాలు నిలబడలేదు. 'బగావత్' (1982), 'సల్మా' (1985), ఇలా తీస్తూనే ఉన్నాడు గానీ పాత ఊపు లేదు. కొడుకు ప్రేమ్ సాగర్ రాసిన జీవితచరిత్రలో ఒక కథ చెప్తారు, 1976లో వచ్చిన 'చరస్' సినిమా షూటింగుకి యూరప్ వెళ్ళినప్పుడు ఓ కేఫ్‌లో కలర్ టీవీ చూసి, ఇంక సినిమా చాలు, నేను టీవీకి వెళ్ళిపోతా, రాముడి కథ చెప్తా అన్నాడని. కుటుంబం వాళ్ళు చెప్పే కథల్లో కాస్త నగిషీ ఉంటుందిలెండి, ఆ తర్వాత తొమ్మిదేళ్ళు సినిమాలు తీస్తూనే ఉన్నాడు కదా. కానీ నగిషీ తీసేసి చూసినా ఒక సంగతి మిగులుతుంది, 1976లో మన దేశంలో కలర్ టీవీయే లేదు, 1982లో గానీ రాలేదు. సినిమా పెద్దలందరూ టీవీని చిన్నచూపు చూసే రోజుల్లో అరవైకి దగ్గరపడ్డ మనిషికి దాని మీద కన్ను పడింది.

విక్రమ్, బేతాళుడు, తర్వాత రాముడు

రామాయణం తీస్తే ఎవడికైనా హిట్టే అనేవాళ్ళు 1985ని చూడాలి. అప్పుడు ఈయన దూరదర్శన్‌కి 'విక్రమ్ ఔర్ బేతాళ్' తీశాడు. విక్రమార్కుడు అరుణ్ గోవిల్. కథల్లో అక్కడక్కడా వచ్చే రాణులు, రాజకుమారులు దీపికా చిఖలియా, సునీల్ లహరి. దారా సింగ్ ఉన్నాడు. విక్రమార్కుణ్ణి శవం తెమ్మని పంపే ఆ యోగి ఎవరనుకున్నారు, అరవింద్ త్రివేది. అంటే రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు, రావణుడు అందరూ రామాయణం కంటే ముందే ఒక చిన్నపిల్లల సీరియల్లో వచ్చేశారు. చిన్న తెర మీద కిరీటాలు ఎలా కనపడతాయి, ట్రిక్ షాట్లు ఎంతవరకు పండుతాయి, ఏ నటుడికి జనం అలవాటు పడతారు, స్పాన్సర్లు వస్తారా రారా, ఇవన్నీ తక్కువ ఖర్చులో చూసుకున్నాడన్నమాట. ఇది భక్తి చేసే పని కాదు, నిర్మాత చేసే పని. మన దగ్గర టీజర్‌కే కోట్లు పోసి తర్వాత గ్రాఫిక్స్ మళ్ళీ చేయించుకునే వాళ్ళని చూస్తున్నాం కాబట్టి ఇది ఇంకా ముచ్చటేస్తుంది.

పాత్రలకి మనుషుల్ని ఎంచుకోవడంలో కూడా అదే లెక్క. రాముడికి, సీతకి పెద్ద ఇమేజ్ లేని కొత్త మొహాలు, చుట్టూ మాత్రం పాత కాపులు. మంథర లలితా పవార్, మనకి సూర్యకాంతం ఎలాగో హిందీవాళ్ళకి ఆవిడ అలాగ, తెర మీదకి రాగానే కొంప మునిగిందని జనానికి అర్థమైపోతుంది, ఒక్క డైలాగు అక్కర్లేదు. కైకేయి పద్మా ఖన్నా. మేఘనాథుడు విజయ్ అరోరా, 'యాదోంకీ బారాత్'లో గిటార్ పాట హీరో. దారా సింగ్ అప్పటికే సినిమాలో హనుమంతుడు వేసినవాడు. కౌసల్య, దశరథుడు వేసిన జయశ్రీ గడ్కర్, బాల్ ధురి నిజంగానే భార్యాభర్తలు. ఇవన్నీ ముప్పై ఐదేళ్ళు ఇండస్ట్రీలో తిరిగినవాడి ఫోన్ డైరీలోంచి వచ్చిన పేర్లు.

సత్యనారాయణపురంలో ఆదివారం

1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర, మొత్తం 78 ఎపిసోడ్లు. మొదట 52కే అనుమతి, తర్వాత పెంచుతూ పోయారు. రోడ్లు ఖాళీ అవడం, టీవీకి దండలెయ్యడం, హారతులివ్వడం, ఇవన్నీ అందరూ రాసేశారు, మళ్ళీ నేను రాయను.

నేను చెప్పదలుచుకుంది వేరే. మేము సత్యనారాయణపురంలో అద్దెకుండేవాళ్ళం, టీవీ ఓనరుగారింట్లో ఉండేది, బ్లాక్ అండ్ వైట్ డయనోరా, చెక్క తలుపులున్నది. హాల్లో చాప, చాప మీద పిల్లలు, గోడకానుకుని ఆడవాళ్ళు, గడపలో, వరండాలో మగవాళ్ళు. అందులో హిందీ వచ్చినవాళ్ళు ఎవరంటే రైల్వేలో చేసే ఒకాయన, హిందీ ప్రచార సభ పరీక్షలు రాస్తున్న ఓనరుగారమ్మాయి. మా నాయనమ్మకి హిందీ ముక్క రాదు, కళ్ళు కూడా సరిగ్గా కనపడేవి కాదు. అయినా ఆవిడకి ఒక్క సీను కూడా ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు, పైగా ఆవిడే పక్కవాళ్ళకి చెప్పేది, "ఇదిగో ఇప్పుడు వరాలడుగుద్ది చూడు" అని.

కథ తెలుసు కాబట్టి అర్థమైంది అంటారు మీరు. కథ తెలుసు, నిజమే. కానీ కథ తెలిసిన సినిమాలు భాష తెలియకుండా రెండున్నర గంటలు కూర్చుని చూసిన అనుభవం మీకుంటే తెలుస్తుంది, అరగంటకే పక్కవాడితో కబుర్లు మొదలవుతాయి. ఇక్కడ ఒకటిన్నర సంవత్సరం కూర్చున్నారు. దీనికి కారణం ఆయన తీసిన పద్ధతి. కైకేయి వరం అడుగుతుంది, కట్ చేస్తే దశరథుడి మొహం, దగ్గరగా, మళ్ళీ కైకేయి, మళ్ళీ ఆయన, చెయ్యి గుండె మీదకి వెళ్ళడం, స్తంభం పట్టుకోవడం, వెనక రవీంద్ర జైన్ గొంతులో పాట. ఎవడైనా ఒక మాట అంటే గదిలో ఉన్న ఆరుగురి మొహాలూ ఒక్కొక్కటిగా చూపిస్తాడు. ఈరోజు యూట్యూబ్‌లో చూసేవాడికి ఇది నవ్వులాట, మీమ్ మెటీరియల్. కానీ ఆ పద్నాలుగో, ఇరవయ్యో అంగుళాల తెర, మధ్యమధ్యలో గీతలు, ఒకడు మేడెక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా" అని అరుస్తుంటే ఇంకొకడు కిందనుంచి "ఇంకొంచెం" అని అరవడం, ముప్పై మంది మధ్యలో వెనకాల కూర్చున్న ముసలావిడ, ఆవిడకి అందాలంటే అలాగే తియ్యాలి. దూరం నుంచి అందమైన ఫ్రేము పెడితే ఆవిడకి చీమల బారు కనపడేది. మాటలు రానివాడికి మొహాలు చెప్తాయి, మొహం కనపడనివాడికి పాట చెప్తుంది, రెండూ అందనివాడికి మూడోసారి చూపించిన షాటు చెప్తుంది. ఇది చేతకానితనం కాదు, ఎవరు చూస్తున్నారో తెలిసి తీసిన పని. 'ఆంఖే' తీసినవాడికి స్పీడుగా కట్ చెయ్యడం రాదనుకోవడం మన అమాయకత్వం.

ఎపిసోడ్ మొదట్లోనో చివర్లోనో ఆయనే వచ్చి కూర్చుని నాలుగు మాటలు చెప్పేవాడు గుర్తుందా, కళ్ళజోడు పెట్టుకుని. మా మేనల్లుడికి అది సొంత డబ్బా లాగా అనిపించింది. నాకైతే అది హరికథ. శ్రీరామనవమి పందిట్లో హరిదాసు కథ ఆపి, చిడతలు పక్కన పెట్టి, ఓ పిట్టకథ చెప్పి, నీతి చెప్పి మళ్ళీ కథలోకి వెళ్తాడు చూడండి, అచ్చం అదే. బెజవాడ, గుంటూరు జనానికి ఈ పద్ధతి కొత్త కాదు కాబట్టే ఆ మనిషి మధ్యలో వచ్చినా ఎవరూ విసుక్కోలేదు.

మన పౌరాణికాల ముందు ఇదెంత అనేవాళ్ళకి

ఇది పెద్ద అభ్యంతరం, తెలుగువాళ్ళకి మాత్రమే ఉండేది, నాక్కూడా సగం ఉన్నదే. సి. పుల్లయ్య, సి.ఎస్. రావుల 'లవకుశ' (1963) చూసిన కళ్ళతో, ఎన్టీఆర్ రాముణ్ణి, అదే ఎన్టీఆర్ 'సీతారామ కళ్యాణం' (1961)లో వేసిన రావణుణ్ణి చూసిన కళ్ళతో, బాపు ఫ్రేములు చూసిన కళ్ళతో అరుణ్ గోవిల్ చిరునవ్వుని చూస్తే ఏమనిపిస్తుంది? మా వీధిలో అప్పుడే అనేవాళ్ళు, రాముడు బానే ఉన్నాడు గానీ మన రామారావులాగా నడవట్లేదు అని. ఆ అట్ట కిరీటాలు, ఆ తగరపు నగలు, రెండు బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ముక్కులు గుద్దుకుని ఆగిపోవడం, ఇవి 1987 నాటికి కూడా మనకి పాతవే. బొమ్మగా, నటనగా చూస్తే మన పౌరాణికం పది మెట్లు పైనుంది, దీన్లో నాకు అనుమానం లేదు.

కానీ సినిమాకి పండిన పద్ధతి సీరియల్‌కి పండదు. మూడు గంటల్లో పద్యం, పాట, పోరాటం అన్నీ కుదించి కొట్టాలి, అందుకే అక్కడ హీరో అంత ఎత్తున కనపడాలి. వారానికి అరగంట చొప్పున ఏడాదిన్నర మన ఇంట్లోకి వచ్చేవాడు అంత ఎత్తున ఉంటే మూడో వారానికి భయమేస్తుంది. గోవిల్ రాముడు మన ఇంటికొచ్చే పెళ్ళికాని బాబాయిలా మెత్తగా ఉంటాడు, గట్టిగా మాట్లాడడు, ఎక్కువ నవ్వడు. ఆ తేడా తెలిసి ఆ మనిషిని పెట్టడమే డైరెక్షన్. ఇంకో చిన్న సంగతి, టైటిల్స్‌లో వాల్మీకి, తులసీదాసులతో పాటు తమిళ కంబ రామాయణం, బెంగాలీ కృత్తివాసుడు, మరాఠీ ఏకనాథుడు, అందులో మన రంగనాథ రామాయణం పేరు కూడా వేశాడు. లోపల కథ ఎక్కువగా తులసీదాసుదే, ఆ పేర్లన్నీ కొంత అలంకారమే అని నాకూ తెలుసు. కానీ గోన బుద్ధారెడ్డి రాసిన ద్విపద కావ్యం పేరు తెలుగు సినిమాల టైటిల్స్‌లోనే ఎన్ని చోట్ల చూశాం చెప్పండి.

ఒక్కటే ఛానెల్ కదా

అవును, ఒక్కటే ఛానెల్. కానీ అదే ఛానెల్లో అదే ఏళ్ళల్లో ఇంకా బోలెడు సీరియళ్ళు వచ్చాయి, వాటిలో ఎన్నిటి పేర్లు గుర్తున్నాయి? ఆదివారం పొద్దున అనేది అప్పటికి గొప్ప టైమేమీ కాదు, దాన్ని గొప్ప టైముగా చేసింది ఈ సీరియలే, ఆ తర్వాత బి.ఆర్. చోప్రా 'మహాభారత్' అదే దారిలో వచ్చింది. ఆ చోప్రా కూడా సినిమాల్లో పండిపోయి వచ్చినవాడే అని గమనించండి. ఒక్కటే ఛానెల్ అన్నవాళ్ళకి 2020 లాక్‌డౌన్ జవాబు చెప్పింది. వందల ఛానెళ్ళు, చేతిలో ఓటీటీలు ఉండగా మార్చి 28న మళ్ళీ వేస్తే, ఏప్రిల్ 16న ఒక్క రోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించుకుంది. వాళ్ళ లెక్క వాళ్ళదే అనుకోండి, లాక్‌డౌన్‌లో జనానికి వేరే పనిలేదనీ అనుకోండి, సగం తీసేసినా పెద్ద సంఖ్యే.

అయితే మా వాడి భయంలో ఒక నిజం ఉంది, అది వాడు చెప్పిన కారణం కాదు. సీరియల్ తియ్యడం చిన్నతనమా అంటే కాదు, రాజమౌళి 'శాంతి నివాసం' సీరియల్ తీసే కదా సినిమాలోకి వచ్చాడు, ఆ ముద్ర ఎక్కడ పడింది ఆయనకి? తేడా అంతా యజమాని ఎవరన్న దాంట్లో ఉంది. అప్పటి స్పాన్సర్డ్ పద్ధతిలో బయటి నిర్మాత తన సంస్థ పేరు మీద తీసేవాడు, ఖర్చుకి స్పాన్సర్ కంపెనీలుండేవి, దూరదర్శన్ స్లాట్ ఇచ్చి యాడ్ల మీద సంపాదించుకునేది. గుజరాత్ సరిహద్దులో ఉంబర్‌గావ్‌లో సెట్లేసుకుని, నటులందర్నీ అక్కడే పెట్టుకుని, ఎపిసోడ్ ఎంత పొడుగు ఎక్కడ ఆపాలి అనేది సాగరే తేల్చుకున్నాడు. టేపుల మీద హక్కులు ఆయన సంస్థ సాగర్ ఆర్ట్స్‌వే, 2020లో మళ్ళీ వెయ్యాలన్నా దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి వాళ్ళు ఆ కుటుంబాన్ని అడిగే వేశారు. ఇప్పటి డైలీ సీరియల్ అలా కాదు. చాలావరకు ఛానెలే ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తుంది, హక్కులు ఛానెల్‌వి, గురువారం రేటింగ్ వచ్చాక కథ ఎటు తిరగాలో చెప్పేది ఛానెల్లో కూర్చున్నవాళ్ళు. డైరెక్టర్ అనే మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా ఇన్ని నిమిషాల ఫుటేజ్ ఇవ్వాలి, రేటింగ్ పడితే తెల్లారేసరికి ఇంకో డైరెక్టర్ వస్తాడు. కాబట్టి రామానంద సాగర్‌ని చూపించి "వెళ్ళరా" అనడం కొంచెం మోసమే అవుతుంది. "వెళ్తే వెళ్ళు గానీ అగ్రిమెంట్ చదువు" అనడం వరకు నేను చెయ్యగలను, అదే చేశాను.

నాకు తేలని సంగతి

ఇంత మెచ్చుకున్నాక కూడా ఒకటి గొంతులో అడ్డం పడుతుంది. ఆ సీరియల్ తర్వాత దేశం ఎటు వెళ్ళిందో మనందరం చూశాం. అరవింద్ రాజగోపాల్ లాంటి పరిశోధకులు దీని మీద పుస్తకమే రాశారు, దేశమంతా ఒకే టైముకి ఒకే రాముణ్ణి చూడటం తర్వాతి అయోధ్య ఉద్యమానికి ఎలా నేల సిద్ధం చేసిందో. చరిత్రకారిణి రొమిలా థాపర్ అప్పుడే విమర్శించారు, వంద రామాయణాలున్న దేశంలో ప్రభుత్వ టీవీ ఒక్కదాన్నే అసలుదిగా నిలబెడుతోందని. సీత, రావణుడు వేసిన ఇద్దరూ 1991లో బీజేపీ ఎంపీలయ్యారు, రాముడు వేసినాయన 2024లో అయ్యాడు.

మన ప్రాంతంలో ఇది ఇంకా విచిత్రం. తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి, రాముణ్ణి నిలదీసే 'శంబుక వధ' నాటకం రాసింది 1920లో. రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' ఇంటింటా తిట్టుకుంటూ అయినా చదివిన జనం మనం. బెంజ్ సర్కిల్ పక్కనే గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది. అంటే రాముడితో వాదన పెట్టుకోవడం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొత్తేమీ కాదు, పొద్దున వాదించి సాయంత్రం భద్రాచలం బస్సెక్కే రకం. ఆ ఆదివారాలు మాత్రం ఆ వాదన ఎవరూ ఎత్తలేదు. మా వీధిలో హేతువాద సంఘంలో తిరిగే మాస్టారు ఒకాయన కూడా వరండాలో నిలబడి చూసేవాడు, "నేను నటన చూస్తున్నా" అనేవాడు. ఆయన్ని ఆ వరండా దాకా లాక్కొచ్చింది సాగర్ పనితనమే, ఆ కాసేపు ఆయన నోరు మూయించింది కూడా అదే. మెచ్చుకోవాలో భయపడాలో నాకు ఇప్పటికీ తెలీదు.

దీనికి పూర్తిగా సాగర్‌నే బాధ్యుణ్ణి చెయ్యలేను, ఎందుకంటే తెరవెనక అధికారులున్నారు, అప్పుడు ఢిల్లీలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం, వాళ్ళకీ లెక్కలుంటాయి. అదే సాగర్ తొంభైల్లో 'అలిఫ్ లైలా' తీసి అరేబియా కథలు కూడా ఇంటింటికీ పంపాడు, దాన్ని ఎవరూ గుర్తు చెయ్యరు. కానీ మొత్తానికే సంబంధం లేదు, ఆయన కథ చెప్పాడంతే అనడం కూడా కుదరదు. జనం మీద ఏది పనిచేస్తుందో అంత బాగా తెలిసిన మనిషికి ఇది తెలియకుండా ఉంటుందా?

జనం కూడా ఊరికే కూర్చోలేదనుకోండి. 1988లో పట్టాభిషేకంతో కథ ముగించేస్తే, పంజాబ్‌లో జలంధర్ లాంటి చోట్ల పారిశుద్ధ్య కార్మికులు చీపుర్లు కింద పెట్టి సమ్మె చేశారు. వాళ్ళు వాల్మీకి సమాజం వాళ్ళు, మా వాల్మీకి మహర్షి ఉన్న ఉత్తరకాండ ఎందుకు తియ్యరు అని అడిగారు. ఊళ్ళల్లో చెత్త పేరుకుపోయింది. తర్వాత లవకుశుల కథ వచ్చింది. ఒక సీరియల్ డైరెక్టర్ ఇంక ఆపేస్తానంటే, కుదరదు, మా వాటా కథ ఏది అని ఊళ్ళు నిలదీసిన సందర్భం ఇంకొకటి నాకు తెలియదు. త్రిపురనేని శంబుకుణ్ణి తీసుకుంది కూడా ఆ ఉత్తరకాండ నుంచే, ఆ సంగతి పంజాబ్ వాళ్ళకి తెలిసుండదు.

ఆ తర్వాత తీసిన 'శ్రీకృష్ణ' దగ్గరికొచ్చేసరికి నా సమర్థన ఆగిపోతుంది. అందులో పెద్ద కృష్ణుడు సర్వదమన్ బెనర్జీ, మన విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల'లో వేణువు ఊదినవాడే, ఎంపిక అద్భుతం, మా ఇంట్లో ఆయన కనపడగానే "అరే మన హరిప్రసాద్" అన్నారు. కానీ అప్పటికి కేబుల్ వచ్చేసింది, ఇంట్లో రిమోట్ వచ్చింది, వెనకాల కూర్చుని చూసే ముసలావిడ లేదు, అయినా ఆయన మాత్రం అవే ఆరు మొహాలు, అదే మూడుసార్ల షాటు పట్టుకునే ఉన్నాడు. రామాయణంలో ఎవరి కోసం ఆగుతున్నాడో తెలిసేది, ఇక్కడ ఊరికే ఆగినట్టుంది. నేను జరాసంధుడి దాకా చూసి వదిలేశాను.